పదమూడు రోజుల గగన వీరుడు... ఫ్రాన్స్ నేలపై బెంగాలీ అక్షరాల సమాధి

* ఇరవయ్యో ఏడు నిండకుండానే నేలకొరిగిన ఇంద్రలాల్ రాయ్
* మొదటి ప్రపంచయుద్ధంలో భారతీయ ‘ఏస్’ ఆయనొక్కరే

ఉత్తర ఫ్రాన్స్‌లోని పా-ద-కలే ప్రాంతం ఒకనాటి బొగ్గు గనుల సీమ. లాన్స్, లిల్ పట్టణాల నడుమ కార్వాన్ అనే ఊరు, దాని సమీపంలో ఎస్తవెల్ అనే చిన్న గ్రామం ఉన్నాయి. ఆ గ్రామ శ్మశానవాటికలోని ఒక సమాధిపై ఫ్రెంచి వాక్యంతోపాటు బెంగాలీ అక్షరాలు కనిపిస్తాయి. అది వీరుని సమాధి అని, దానిని గౌరవించాలని తెలిపే అక్షరాలవి. ఆ నేలకు ఏమాత్రం పరిచయం లేని లిపిని అక్కడికి చేర్చినవాడు కలకత్తాలో పుట్టిన యుద్ధవిమాన చోదకుడు ఇంద్రలాల్ రాయ్. 1918 జులై 22న ఆ పరిసరాల ఆకాశంలోనే పోరాడుతూ మరణించారు. అప్పటికి ఆయన వయస్సు పందొమ్మిదేళ్ల ఏడు నెలలు.

సంపన్న కుటుంబం... లండన్ చదువు

ఇంద్రలాల్ 1898 డిసెంబరు 2న కలకత్తాలో జన్మించారు. ఇంట్లో ముద్దు పేరు ‘లాడీ’. తండ్రి ప్యారీలాల్ రాయ్ పేరొందిన బారిస్టరు. వారి పూర్వికులది ఇప్పటి బంగ్లాదేశ్‌లోని బరిసాల్ ప్రాంతం. తల్లి లలితా రాయ్ సామాన్యురాలు కాదు. పిల్లల చదువుల కోసం వారిని వెంటబెట్టుకుని లండన్‌లో కాపురం పెట్టడమేకాక, 1911లో స్త్రీల ఓటుహక్కు కోసం ఆ నగర వీధుల్లో జరిగిన మహా ప్రదర్శనలో భారతీయ స్త్రీలతో కలిసి నడిచారు. అన్న పరేశ్‌లాల్ తరువాతి కాలంలో భారతీయ బాక్సింగ్‌కు పితామహుడనిపించుకున్నారు. ఇంద్రలాల్ హామర్‌స్మిత్‌లోని సెయింట్ పాల్స్ పాఠశాలలో చదువుతుండగా 1914లో యుద్ధం వచ్చిపడింది.

అవి పరాధీన దినాలు. తెల్లదొరలతో సమానమైన అధికారి హోదా, అంటే కింగ్స్ కమిషన్, సైన్యంలోని పోరాట దళాల్లో భారతీయునికి దక్కడం దాదాపు అసాధ్యం. సిపాయిలుగా లక్షలమంది కావాలి గాని, అధికారులుగా మనవారు పనికిరారన్నది పాలకుల ధోరణి. ఇటువంటి రోజుల్లో ఒక బెంగాలీ కుర్రవాడు రాయల్ ఫ్లయింగ్ కోర్‌లో పైలట్‌గా చేరతానని దరఖాస్తు పెట్టుకున్నాడు.

మోటారుసైకిలు అమ్మి కంటి పరీక్ష

దరఖాస్తును తిరస్కరించారు. చూపు సరిగా లేదన్నారు. మరొకరైతే అక్కడితో ఆశ వదులుకునేవారు. ఇంద్రలాల్ తన మోటారుసైకిలును అమ్మి, ఆ డబ్బు ఫీజుగా చెల్లించి, పేరుమోసిన కంటి వైద్యునితో మళ్లీ పరీక్ష చేయించుకున్నారు. రెండో పరీక్షలో చూపు బాగానే ఉందని తేలడంతో మొదటి నిర్ణయం రద్దయింది. శత్రు విమానాన్ని దూరం నుంచే కనిపెట్టగలిగినవాడే బతికే కొలువులో, కళ్లు పనికిరావని తొలుత వెనక్కి పంపిన కుర్రవాడే తరువాత పది విజయాలు సాధించడం విశేషం.

1917 ఏప్రిల్‌లో క్యాడెట్‌గా చేరి, అదే ఏడాది జులై 5న సెకండ్ లెఫ్టినెంట్ హోదా పొందారు. శిక్షణ ముగించుకుని అక్టోబరు చివర ఫ్రాన్స్‌లోని 56వ స్క్వాడ్రన్‌కు చేరుకున్నారు. అక్కడ ఆయనకు అప్పగించింది ఎస్.ఇ.5ఎ అనే ఒంటరి ఆసనపు యుద్ధవిమానం. ముక్కుపై ఒక మరతుపాకీ, పై రెక్క మీద మరొకటి ఉండేవి. కర్ర చట్రంపై బట్ట చుట్టిన విమానాలవి. నిప్పంటుకుంటే దూకి ప్రాణాలు దక్కించుకుందామన్నా నాటి బ్రిటిష్ పైలట్లకు పారాచూట్ ఇచ్చేవారు కారు.

డిసెంబరు 6న, పందొమ్మిదో పుట్టినరోజు జరుపుకున్న నాలుగు రోజులకే, ఆయన విమానం కూలిపోయింది. స్పృహ తప్పిన ఇంద్రలాల్‌ను మృతుడని పొరబడి శవాగారంలో పడుకోబెట్టారని, మెలకువ వచ్చి తలుపు బాదితే అక్కడివారు హడలిపోయారని ఒక కథ చెబుతారు. కథ మాటెలా ఉన్నా గాయాలు మాత్రం గట్టివే. ఇంగ్లండు పంపించిన తరువాత వైద్యులు ఆయన విమానం నడపడానికి తగరని తేల్చారు. కోలుకుంటున్న నెలల్లో కాలక్షేపానికి విమానాల బొమ్మలు గీసేవారు. వాటిలో అనేకం నేటికీ నిలిచి ఉన్నాయి. పట్టు వదలక అధికారులను వేడుకుని, చివరకు మళ్లీ అనుమతి సంపాదించారు.

జులై 6 నుంచి 19 దాకా

1918 జూన్‌లో 40వ స్క్వాడ్రన్‌లో చేరారు. అక్కడ ఆయన దళనాయకుడు ఐర్లండుకు చెందిన జార్జి మెకెల్‌రాయ్. ఆకాశ యుద్ధంలో అప్పటికే ఆరితేరినవాడు. గురువు దొరికాక శిష్యుని తీరే మారిపోయింది. జులై 6న ద్రోకూర్ గ్రామం మీద జర్మన్ హానోవర్ విమానాన్ని పడగొట్టడంతో తొలి విజయం దక్కింది. జులై 8న నాలుగు గంటల వ్యవధిలో మూడు, 13న రెండు, 15న రెండు, 18న ఒకటి, 19న మరొకటి... మొత్తం పది. మొదటి విజయానికీ చివరి విజయానికీ నడుమ గడిచినవి పదమూడు రోజులే.

ఈ పది అన్న అంకెను కొంచెం విప్పి చెప్పాలి. ఇందులో ఐదు ధ్వంసమైనట్లు నమోదైనవి. మిగిలిన ఐదు అదుపు తప్పి కిందికి పోతూ కనిపించినవి. రెండు విజయాల్లో తోటి పైలట్లకు వాటా ఉంది. ఆనాటి బ్రిటిష్ లెక్కలో వీటన్నిటినీ విజయాలుగానే పరిగణించేవారు. కనీసం ఐదు సాధిస్తే ‘ఏస్’ అంటారు. ఏ విధంగా లెక్కగట్టినా, మొదటి ప్రపంచయుద్ధంలో ఆ స్థాయికి చేరిన భారతీయుడు ఇంద్రలాల్ ఒక్కరే.

జులై 22న గస్తీకి వెళ్లిన దళం కార్వాన్ మీద జర్మన్ ఫోకర్ డి-7 విమానాలతో తలపడింది. ఫోకర్ డి-7 ఆ యుద్ధంలోని మేటి విమానాల్లో ఒకటి. ఆ పోరులో ఇంద్రలాల్ విమానం మంటలతో కిందికి జారిపోవడం సహచరులు చూశారు. పడింది జర్మన్ల ఆధీనంలోని నేలపై కావడంతో వెళ్లి వెదకే వీలు లేదు. మరో తొమ్మిది రోజులకే, జులై 31న, గురువు మెకెల్‌రాయ్ కూడా నేలకూలారు. యుద్ధం ముగియడానికి అప్పటికి నాలుగు నెలలైనా మిగలలేదు.

సెప్టెంబరులో ఇంద్రలాల్‌కు డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ ప్రకటించారు. ఆ పతకం పొందిన తొలి భారతీయుడు ఆయనే. అందుకోవలసినవాడు మాత్రం లేడు.

స్మృతి చిహ్నాలు

అదే పా-ద-కలేలో నవ్ షాపెల్ అనే చోట భారతీయ సైనికుల స్మారకం ఉంది. 1927లో ఆవిష్కరించిన ఆ వలయాకార కట్టడంలో, సమాధికైనా నోచుకోని 4,700 మందికి పైగా మనవారి పేర్లు చెక్కి ఉన్నాయి. 2015 ఏప్రిల్‌లో ప్రధాని నరేంద్ర మోదీ అక్కడ నివాళులర్పించారు. ఇంద్రలాల్ పేరు ఆ గోడపై లేదు. ఆయనకు ఎస్తవెల్‌లో సొంత సమాధి ఉండటమే కారణం. అందువల్ల నవ్ షాపెల్ వెళ్లే మన యాత్రికుల దృష్టి ఎస్తవెల్ వైపు అంతగా మళ్లదు.

స్వదేశంలో జ్ఞాపకాలు కొద్దిపాటివే. కోల్‌కతాలోని భవానీపూర్‌లో ఆయన పేరిట ఒక వీధి ఉంది. శతజయంతి సందర్భంగా 1998 డిసెంబరులో తపాలాశాఖ స్మారక బిళ్ల విడుదల చేసింది. ఆయన మరణించిన పద్నాలుగేళ్లకు, 1932 అక్టోబరు 8న, భారత వైమానిక దళం ఏర్పడింది.

ఆ యుద్ధంలో పైలట్లుగా చేరిన భారతీయులను వేళ్లమీద లెక్కించవచ్చు. వారిలో శ్రీకృష్ణ వెలింకర్ 1918లోనే అసువులు బాశారు. ఎరోల్ చందర్ సేన్ శత్రువుల చేతికి చిక్కి యుద్ధఖైదీ అయ్యారు. తలపాగాతోనే విమానం నడిపిన హర్‌దిత్ సింగ్ మాలిక్ గాయపడినా బతికి బయటపడ్డారు. స్వాతంత్ర్యానంతరం అదే ఫ్రాన్స్‌లో భారత రాయబారిగా పనిచేశారు.