జైలు గోడ నుంచి ఆకాశవాణి దాకా దాశరథి

ఖమ్మం: కారాగారంలో కవిత్వం పుట్టడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. నేలకొండపల్లిలో జన్మించి పాల్వంచ తహశీల్దారుగా పనిచేసిన కంచర్ల గోపన్న, అడవుల నడుమ గోదావరి ఒడ్డున వెలసిన భద్రాచలంలో రామాలయం కట్టించి, గోల్కొండ చెరసాలలో కీర్తనలు ఆలపించారు. దాదాపు మూడు శతాబ్దాల తరువాత ఈ గడ్డపైనే పెరిగిన మరొక కవి నిజామాబాద్ జైలు గోడలపై బొగ్గుతో పద్యాలు రాశారు. ఆయనే దాశరథి కృష్ణమాచార్య.

దాశరథి 1925 జూలై 22న మానుకోట ప్రాంతంలోని చిన్నగూడూరులో జన్మించారు. ఆ గ్రామం నేడు మహబూబాబాద్ జిల్లాలో ఉంది. బాల్యం మధిరలో గడిచింది. ఉర్దూ మాధ్యమంలో మెట్రిక్యులేషన్, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆంగ్ల సాహిత్యంతో బి.ఎ. పూర్తి చేశారు. ఇంట సంస్కృతం, బడిలో ఉర్దూ, గుండెలో తెలుగు. ఈ మూడూ కలిసిన కలం ఆయనది. 'చిల్లర దేవుళ్లు' నవలా రచయిత దాశరథి రంగాచార్య ఆయన తమ్ముడే.

ఆంధ్ర మహాసభ ఉద్యమంలో పాల్గొని నిజాం పాలనను ధిక్కరించినందుకు ఆయన జైలు పాలయ్యారు. వట్టికోట ఆళ్వారుస్వామి అక్కడ ఆయన సహచరుడు. కాగితం, కలం లేని చోట బొగ్గే ఆయుధమైంది. 1949లో 'అగ్నిధార', మరుసటి ఏడు 'రుద్రవీణ' వెలువడ్డాయి. తెలంగాణ రచయితల సంఘాన్ని స్థాపించి, చెల్లాచెదురుగా ఉన్న రచయితలను ఒక్క వేదిక పైకి తెచ్చారు.

బతుకుతెరువు కోసం ఉపాధ్యాయునిగా, పంచాయతీ ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన ఆయన అనంతరం ఆకాశవాణిలో ప్రయోక్తగా చేరారు. టెలివిజన్ ఇంకా ఇళ్లకు చేరని ఆ రోజుల్లో పల్లెకు సాహిత్యాన్ని మోసుకెళ్లింది రేడియోయే. 1961లో బాపు బొమ్మలతో వచ్చిన 'గాలిబ్ గీతాలు' ఉర్దూ కవిత్వాన్ని తెలుగువారి చెంతకు చేర్చింది. అదే ఏడాది 'వాగ్దానం', 'ఇద్దరు మిత్రులు' చిత్రాలతో సినీగీత రచయితగానూ ఇంటింటికీ పరిచయమయ్యారు. 'తిమిరంతో సమరం' కృతికి 1974లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.

ఒకనాడు ప్రభుత్వం ఖైదు చేసిన కవిని 1977 ఆగస్టు 15న మరొక ప్రభుత్వం ఆంధ్రప్రదేశ్ ఆస్థానకవిగా గౌరవించింది. అయితే ఆ పదవి కలకాలం నిలవలేదు. 1983లో ఆస్థానకవి పదవే రద్దయింది. నాలుగేళ్ల తరువాత, 1987 నవంబరు 5న ఆయన కన్నుమూశారు.

పదవి పోయినా పద్యం మిగిలింది. 1955లో 'మహాంధ్రోదయం' రచించి తెలుగువారంతా ఒక్కటి కావాలని కాంక్షించిన కవి ఆయన. తెలంగాణను వీణతో పోల్చిన ఆయన పద్యపాదమే దశాబ్దాల అనంతరం ప్రత్యేక రాష్ట్ర ఉద్యమానికి నినాదమైంది. రాష్ట్రం ఏర్పడ్డాక 2015 నుంచి ఆయన జయంతి నాడు దాశరథి పురస్కారం అందజేయడం ఆరంభమైంది. కవి ఇచ్చిన మాటను తరువాతి తరాలు తమ అవసరానికి తగ్గట్టు అందుకుంటాయనడానికి ఇదే నిదర్శనం. బొగ్గు రాతను జైలు గోడ దాచుకోలేకపోయినా జనం నాలుక దాచుకుంది.