డైనమైట్ పేల్చిన చేతులే పగడాలకు కాపలా కాశాయి

ఎర్రసముద్రంలో వారం రోజులు బోటులోనే తిని, పడుకుని, రోజుకు మూడు నాలుగుసార్లు పగడపు దిబ్బల మధ్యకు దూకే డైవర్ల వీడియోలు మీరూ చూసే ఉంటారు. లైవ్‌అబోర్డ్ ట్రిప్ అంటారు దాన్ని. ఆ డైవర్ల నోట్లో ఉండే పరికరం వెనక జాక్ కూస్టో కథ ఉంది.

1910లో ఫ్రాన్స్‌లో పుట్టిన కూస్టోకి నేవీ పైలట్ కావాలని ఆశ. 1936లో కారు ప్రమాదంలో చేతులు విరిగాయి, ఆ ఆశ పోయింది. అదే ఏడాది టూలాన్ తీరంలో ఈత కళ్లద్దాలు పెట్టుకుని నీటి కిందకి చూశారు. ఇక ఆయన దారే మారిపోయింది.

మీలో ఇంజినీరింగ్ చదివేవాళ్లు ఇది గమనించండి. యుద్ధకాలంలో పెట్రోలు కరువై కార్లను గ్యాస్‌తో నడిపేవారు. ఆ గ్యాస్ రెగ్యులేటర్‌నే ఎమిల్ గాన్యాన్ అనే ఇంజినీరు 1943లో కూస్టో కోసం మార్చారు. మొదటి పరీక్షలో అడ్డంగా ఈదితే బాగానే పనిచేసింది, తలకిందులైతే మొరాయించింది. గాలి లోపలికొచ్చే చోటు, బయటికెళ్లే చోటు వేర్వేరు లోతుల్లో ఉండటంతో నీటి ఒత్తిడిలో తేడా వస్తోందని పట్టుకున్నారు. రెండింటినీ పక్కపక్కన పెట్టారు. సమస్య తీరింది!

1950లో పాత మైన్‌స్వీపర్ ఓడ 'కాలిప్సో' చేతికొచ్చింది. మరుసటి ఏడాదే ఎర్రసముద్రానికి బయల్దేరారు. 1956లో వచ్చిన ఆయన సినిమా 'ది సైలెంట్ వరల్డ్' కేన్స్‌లో పామ్ డోర్, తర్వాత ఆస్కార్ గెలిచింది. కానీ అదే సినిమాలో, చేపల్ని లెక్కపెట్టడానికి ఆయన బృందం పగడపు దిబ్బను డైనమైట్‌తో పేల్చడం కనిపిస్తుంది. ఇప్పుడు చూస్తే మనకి మనసు చివుక్కుమంటుంది.

కూస్టో అక్కడే ఆగిపోలేదు. 1960లో మధ్యధరా సముద్రంలో అణువ్యర్థాలు పారబోయకుండా పోరాడారు. 1973లో సముద్రాల రక్షణకు కూస్టో సొసైటీ పెట్టారు. అంటార్కిటికాలో గనుల తవ్వకం వద్దని దేశదేశాలు తిరిగి ప్రచారం చేశారు. 1991లో దాన్ని నిషేధిస్తూ ఒప్పందం కుదిరింది. 1997లో కన్నుమూశారు.

తొలి ప్రాజెక్టులో తప్పు చేశామని మీరు కుంగిపోతున్నారా? కూస్టో తప్పు సినిమాలో శాశ్వతంగా ఉండిపోయింది. అయినా మిగిలిన జీవితం ఆయన చేతుల్లోనే ఉంది, మీదీ అంతే. అన్నట్టు, రేపు మీరు డైవింగ్‌కి వెళితే పగడాన్ని వేలితో కూడా తాకకండి.