జాన్‌స్టన్ సేనాని - నదీతీరపు మట్టికోటలు

బానిసత్వ సమస్యపై అమెరికాలో చెలరేగిన అంతర్యుద్ధమున (1861-1865) దక్షిణ పక్షపు సేనానులలో జోసెఫ్ జాన్‌స్టన్ ప్రముఖుడు. ఆయన 1807లో వర్జీనియాలో జన్మించి, 1829లో వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయమున పట్టభద్రుడయ్యెను.

1864 వేసవిలో ఉత్తర సేనాని షెర్మన్ అట్లాంటా నగరముపైకి దండెత్తి వచ్చుచుండెను. అడుగడుగున ఎదుర్కొనుచు వెనుదీయుట జాన్‌స్టన్ పద్ధతి. ఆయన చట్టహూచీ నది వాయవ్యతీరమున సుమారు 6 మైళ్ల పొడవున మట్టికోటల వరుస నిర్మింపజేసెను. దానిని రూపొందించినవాడు ఫిరంగిదళాధిపతి షూప్. బాణపుములికి ఆకారము గల 36 బురుజులు. వెలుపల దుంగల గోడ, లోపల దట్టించిన మన్ను. బురుజునకు బురుజునకు నడుమ నిలువుదుంగల దడి. కొలదిమందితోనే పెద్దసేనను నిలువరింపవలెనని ఉద్దేశము. మన్ను త్రవ్వినవారు, దుంగలు మోసినవారు మాత్రము సుమారు వేయిమంది నల్లజాతి బానిసలు. తమ సంకెలలను నిలుపజూచు సైన్యమునకే వారు కోటలు కట్టవలసివచ్చెను!

షెర్మన్ ఆ కోటలను చూచి మెచ్చుకొనెను గాని వానిపై దాడికి దిగలేదు. జూలై 8న నదికి ఎగువను, సోప్ క్రీక్ కడ, ఆయన సేన దాటెను. మరునాటి రాత్రి జాన్‌స్టన్ కోటలు విడిచి అట్లాంటా వైపు గట్టునకు తరలెను. అంత శ్రమయు ఒక్క పెద్దయుద్ధమునైన చూడకయే ముగిసెను. జూలై 17న ఆయన పదవియు పోయెను. నది పొడవెల్ల కోట కట్టుట ఎవరి తరము?

సెప్టెంబరులో అట్లాంటా ఉత్తర సేన వశమయ్యెను. తిరిగి సేనానియైన జాన్‌స్టన్ 1865 ఏప్రిల్ 26న షెర్మన్‌కే లొంగిపోయెను. ఆకలిగొన్న దక్షిణ సైనికులకు షెర్మన్ భోజన సామగ్రి ఇప్పించెను. జాన్‌స్టన్ ఆ మేలు మరువలేదు. 1891 ఫిబ్రవరిలో న్యూయార్కున షెర్మన్ అంత్యక్రియలలో, 84 ఏండ్ల ప్రాయమున, చలిలో టోపీ తీసి నిలిచెను. జలుబు చేసి, న్యుమోనియాగా ముదిరి, మార్చి 21న వాషింగ్టనులో ఆయన మరణించెను.