వెనక చక్రం, వెలోసియో

వేసవి సెలవుల్లో నా సైకిల్ వెనక చక్రానికున్న గేర్లు మార్చుదామని కూర్చున్నా. అరగంట పని అనుకున్నది మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజుల్లో రెండు రోజులు నిజానికి సైకిల్ విప్పలేదు, ఒక మనిషి గురించి చదువుతూ గడిపేశా. ఆయన చనిపోయి తొంభై ఏళ్ళు దాటింది. ఫ్రాన్స్‌లో సైకిల్ తొక్కేవాళ్ళందరికీ తెలిసిన పేరు. మన దగ్గర ఎంతమంది విన్నారో గానీ, నేను మాత్రం వినలేదు.

ముందు నా గొడవ చెప్తా. నాది ఏడు గేర్ల ఫ్రీవీల్. అందులో పెద్ద చక్రానికి 28 పళ్ళు, ముందున్న పళ్ళచక్రానికి 42. అంటే అన్నిటికన్నా తేలికైన గేరులో కూడా పెడల్ ఒక చుట్టు తిప్పితే వెనక చక్రం ఒకటిన్నర చుట్లు తిరగాలి, బండి దాదాపు 3 మీటర్లు ముందుకెళ్ళాలి. బీచ్ రోడ్డులో హాయిగా ఉంటుంది. కైలాసగిరి ఎక్కేటప్పుడు మాత్రం కాళ్ళు పీకేస్తాయి. నాకేమో దిగి నడిపిస్తే పరువు పోతుందని పంతం. ఆ పంతంతో మార్చిలో కుడి మోకాలు పట్టేసింది. పదిహేను రోజులు హాస్టల్ మెట్లు పక్క గోడ పట్టుకుని ఎక్కా. డాక్టర్ గారు సైకిల్ మానేయమనలేదు, తేలిక గేరు పెట్టించుకోమన్నారు. తాతయ్య మాత్రం నవ్వారు. ఆయన రైల్వేలో చేసిన రోజులన్నీ గేర్లే లేని సైకిల్ మీద డ్యూటీకి వెళ్ళిన మనిషి. ఆయన లెక్కలో గేర్లనేవి సోమరుల కోసం.

సరిగ్గా ఇదే గొడవ ఇంకొకాయన జీవితమంతా పడ్డాడని అప్పుడే తెలిసింది.

ఆయన అసలు పేరు పాల్ ద వీవీ. 1853లో దక్షిణ ఫ్రాన్స్‌లోని పెర్న్ అనే ఊళ్ళో పుట్టాడు. పెద్దయ్యాక సెంటెటియెన్ నగరంలో పట్టు వ్యాపారం చేశాడు. ఆ నగరం గురించి ఒక్క మాట చెప్పాలి. బొగ్గు గనులు, తుపాకుల తయారీ, రిబ్బన్ల నేత, ఇవీ అక్కడి బతుకుతెరువులు. ఇనుముని సన్నగా చెక్కడం వచ్చిన చేతులు వీధివీధికీ ఉన్న ఊరు. ఊరు దాటితే కొండలు. సైకిల్ పరిశ్రమ పుట్టడానికి ఇంతకన్నా ఏం కావాలి? సైకిల్ మీద పిచ్చి ముదరడానికి కూడా అంతే.

ముప్పయ్యో పడికి దగ్గరపడుతుండగా ఆయన మొదటి సైకిల్ కొన్నాడు. అప్పట్లో సైకిల్ అంటే ముందు పెద్ద చక్రం, వెనక బుల్లి చక్రం, పడితే తల పగిలే బండి. ఆ పిచ్చి ఎంతదాకా వెళ్ళిందంటే, 1887లో పట్టు వ్యాపారం పక్కన పెట్టేసి సైకిళ్ళ దుకాణం తెరిచాడు, ఒక పత్రిక కూడా మొదలుపెట్టాడు. కొద్ది రోజులకే దాని పేరు లె సిక్లిస్త్ అయింది. అందులో రాసేటప్పుడు పెట్టుకున్న పేరే వెలోసియో. చివరికి అసలు పేరు వెనక్కి పోయి ఈ పేరే నిలిచింది. నడుస్తున్న వ్యాపారం వదిలేసి పత్రిక పెట్టడమంటే మనింట్లో ఏమంటారో ఊహించుకోండి. వాళ్ళింట్లో ఏమన్నారో నాకు దొరకలేదు.

1889లో సొంతంగా ఒక సైకిల్ తయారు చేయించాడు. పేరు లా గోలువాజ్. ఇప్పటి సైకిళ్ళ లాంటి ఫ్రేమే, చైన్ ఉంది, గేరు మాత్రం ఒక్కటే. ఇక్కడే అందరూ చెప్పుకునే కథ ఒకటుంది. ఊరి పక్క కొండదారిలో, కోల్ ద లా రెపుబ్లిక్ అనే కనుమ ఎక్కుతూ ఆయన చెమటలు కక్కుతుంటే, ఆయన పత్రిక చదివే పాఠకుడొకడు నోట్లో పైపు పెట్టుకుని పొగ వదులుతూ దాటిపోయాడట. సంపాదకుడికి ఎలా ఉండి ఉంటుంది! కథలో ఎంత నిజమో గానీ, అందులో ఉన్న చిక్కు మాత్రం పూర్తిగా నిజం. ఎత్తు ఎక్కాలంటే తేలిక గేరు కావాలి. అదే గేరుతో చదును మీద తొక్కితే కాళ్ళు గిరగిరా తిరుగుతాయి తప్ప బండి కదలదు. ఒక్క గేరున్నవాడు ఎక్కడో ఒకచోట నష్టపోవాల్సిందే.

వెలోసియో చేసిన మొదటి పని చూస్తే నవ్వొస్తుంది. ముందు పక్క ఒకటి బదులు రెండు పళ్ళచక్రాలు పెట్టాడు. కొండ మొదలవగానే దిగి, చైన్‌ని చేత్తో ఒకదాని మీంచి ఇంకోదాని మీదకి మార్చి మళ్ళీ ఎక్కడం. తర్వాత రెండో వైపు కూడా ఇంకో జత పెట్టి నాలుగు గేర్లు చేశాడు. చేతినిండా గ్రీజు. ఆ తర్వాత ఇంగ్లండ్ నుంచి వచ్చిన విప్పెట్ సైకిల్ చూశాడు. దాని ముందు పళ్ళచక్రం రెండు ముక్కలుగా ఉండి, పెడల్ వెనక్కి తిప్పితే విచ్చుకుంటుంది, అంటే దిగకుండానే గేరు మారుతుంది. 1906 ప్రాంతంలో సెంటెటియెన్‌లోనే జొవానీ పానెల్ వాళ్ళు లె షెమినో అనే డీరైలర్ తెచ్చారు, చైన్‌ని ఒక పళ్ళచక్రం మీంచి పక్కదాని మీదకి నెట్టే పరికరం. మన సైకిళ్ళకి వెనక వేలాడేది దాని మనవడే.

కొన్ని చోట్ల డీరైలర్ కనిపెట్టింది వెలోసియోనే అని రాస్తారు. అది అన్యాయం. ఆయనకన్నా ముందూ, ఆయనతో పాటూ చాలామంది దాని మీద పనిచేశారు. ఆయన గొప్పతనం వేరే ఉంది. ఎవరు కొత్త గేరు తెచ్చినా దాన్ని తన సైకిల్‌కి బిగించి, కొండలెక్కించి, ఏది బాగుందో ఏది విరిగిందో పత్రికలో రాసేవాడు. ఒక రకంగా టెస్టింగ్ ఇంజనీర్. తన కాళ్ళే ల్యాబు.

అవతలి పక్షంలో ఉన్నది చిన్నవాడు కాదు. ఆన్రి దెగ్రాంజ్, 1903లో టూర్ ద ఫ్రాన్స్ మొదలుపెట్టినాయన, స్వయానా రికార్డులు కొట్టిన రేసర్. గేర్లనేవి వయసు మళ్ళినవాళ్ళకి, గెలిస్తే కండబలంతో గెలవాలి తప్ప యంత్రం సాయంతో కాదని ఆయన వాదన. అచ్చం మా తాతయ్యే. దాంతో టూర్‌లో రేసర్లు ఏం చేసేవాళ్ళో తెలుసా? వెనక చక్రానికి రెండు వైపులా రెండు వేర్వేరు పళ్ళచక్రాలు బిగించుకుని, కొండ కింద ఆగి, నట్లు విప్పి, చక్రం తిరగేసి పెట్టుకునేవాళ్ళు. వర్షంలో, చలిలో, పోటీ మధ్యలో. ఇది యంత్రం సాయం కాదట, డీరైలరైతే సాయమట! ఇక్కడ నేను పూర్తిగా వెలోసియో పక్షం.

అలాగని ఆయన సుఖం కోరే మనిషి కూడా కాదు. మాంసం ముట్టడు. తెల్లారకముందే లేచి ప్రాచీన గ్రంథాలు చదువుకునేవాడు. ఈస్టర్ వస్తే రాత్రంతా తొక్కుకుంటూ ప్రోవాన్స్ దాకా వెళ్ళేవాడు, వెంట కుర్రాళ్ళు ఆయనతో సమానంగా రాలేక ఆయాసపడేవాళ్ళు. దూరం వెళ్ళేవాళ్ళకి కొన్ని నియమాలు కూడా రాశాడు. ఆకలేయకముందే తినాలి, దాహమేయకముందే తాగాలి, డాబు కోసం మాత్రం ఎప్పుడూ తొక్కకూడదు, ఇలాంటివి. చివరిది చదివినప్పుడు మోకాలు మీద చెయ్యేసుకుని కాసేపు కూర్చున్నా.

1922 నుంచి ఆయన అభిమానులు ఏటా ఆ కనుమ మీదకే, 1161 మీటర్ల ఎత్తుకి, సైకిళ్ళేసుకుని చేరేవాళ్ళు. ఆయన్ని ముందు పెట్టుకుని. 1930 ఫిబ్రవరిలో సెంటెటియెన్ వీధిలో సైకిల్ నడిపించుకుంటూ వెళ్తూ, ఒక బండి తగలకుండా పక్కకి తప్పుకోబోతే ట్రామ్ గుద్దింది. డెబ్బయ్యారేళ్ళు. ఎన్ని రాత్రులు చీకట్లో కొండలు దిగాడో, చివరికి సొంత ఊళ్ళో, సైకిల్ మీద కూడా లేడు. ఇది చదివిన రోజు ఇంక సైకిల్ ముట్టుకోబుద్ధి కాలేదు.

టూర్ ద ఫ్రాన్స్‌లో డీరైలర్లు ఒప్పుకున్నది 1937లో. ఆ ఏడు గెలిచిన రోజె లపెబీ డీరైలర్‌తోనే తొక్కాడు. వెలోసియో చూడలేదు.

మూడో రోజు నాన్న నేను వరండాలో కూర్చున్నాం. వీడియోల్లో చూసి క్యాసెట్ విప్పే పనిముట్లు వెతుక్కోవడం నా మొదటి తప్పు. మీరు చేయకండి. చక్రం బయటికి తీసి, పళ్ళని వెనక్కి తిప్పండి. మధ్యలో పనిముట్టు కూర్చునే గాళ్ళు కూడా పళ్ళతో పాటే తిరిగితే క్యాసెట్, కదలకుండా ఉంటే ఫ్రీవీల్. నాది ఫ్రీవీల్. దానికి రిమూవర్ ఒక్కటి చాలు. అది గాళ్ళలో కూర్చోబెట్టి, జారకుండా యాక్సిల్ నట్టు చేత్తో పైన బిగించి, పెద్ద స్పానర్‌తో అపసవ్యంగా తిప్పాలి. ఊడదే! పెడల్ తొక్కిన ప్రతిసారీ ఫ్రీవీల్ ఇంకాస్త బిగుస్తుంది మరి. నేను మూడేళ్ళు ఎక్కిన ఎత్తులన్నీ అందులో ఉన్నాయి. చివరికి స్పానర్‌కి ఇనుప గొట్టం తొడిగి, నేను చక్రం పట్టుకుంటే నాన్న ఒంటి బరువంతా వేశారు. టక్కుమంది. విరిగిందనుకున్నా, వదులైంది. వదులైన వెంటనే పైనున్న నట్టు తీసేయాలి, లేకపోతే ఫ్రీవీల్ బయటికి రాబోయి దానికే తగులుకుంటుంది.

కొత్తది 34 పళ్ళది. త్రెడ్లకి గ్రీజు రాసి చేత్తోనే తిప్పి ఎక్కించా, మిగతాది తొక్కుతుంటే అదే బిగుస్తుంది. పాత చైన్‌ని స్కేలుతో కొలిస్తే 12 అంగుళాలుండాల్సిన చోట 12 అంగుళాల పైన ఇంకో పాతిక వంతు కాదు, ఏకంగా ఎనిమిదో వంతు సాగి ఉంది. అలాంటి చైన్ కొత్త పళ్ళ మీద జారుతుంది. అదీ మార్చా, పెద్ద చక్రానికి సరిపడా పొడవు చూసుకుని. ఇప్పుడు పెడల్ చుట్టుకి రెండున్నర మీటర్లే.

తాతయ్య ఇంకా ఒప్పుకోలేదు. కానీ సాయంత్రం సైకిల్ స్టాండ్ వేసి, పెడల్ చేత్తో తిప్పుతూ గేర్లు ఒక్కొక్కటే మారుస్తూ చాలాసేపు ఆడుకోవడం కిటికీలోంచి చూశా. ఆదివారం కైలాసగిరి ఎక్కా, మధ్యలో ఒకచోట దిగి నీళ్ళు తాగా, దాహమేయకముందే.

రిమూవర్ నా హాస్టల్ రూంలోనే ఉంది. కావాల్సినవాళ్ళు తీసుకెళ్ళండి, తిరిగిచ్చేయండి.