అలెగ్జాండరు గ్రాహం బెల్

టెలిఫోనును నిర్మించిన మహాశయుడుగా అలెగ్జాండరు గ్రాహం బెల్ పేరు ఎఱుగనివారరుదు. కాని, ఆ టెలిఫోనునే రాగితీగ చుట్టలకు జోడించి, ఒక మనుష్యుని శరీరమున దాగిన తుపాకిగుండును వెదకుటకు ఆయన పడిన పాటు అనేకులకు తెలియదు.

బెల్ 1847 మార్చి 3వ తేదీన స్కాట్లండు దేశమందలి ఎడింబరో నగరమున జన్మించెను. తండ్రి మెల్విల్ బెల్ ఉచ్చారణశాస్త్రమున నిపుణుడు. తల్లికి వినికిడి మందము. శబ్దముయొక్క విలువ బాలునకు ఇంటిలోనే తెలియవచ్చెను. సోదరులిరువురు క్షయవ్యాధికి బలియైన పిమ్మట, 1870లో ఆ కుటుంబము కెనడాకు తరలిపోయెను. అటనుండి బెల్ అమెరికాలోని బోస్టను నగరము చేరి, బధిరులకు మాటలాడ నేర్పు ఉపాధ్యాయుడయ్యెను. 1876 మార్చి 7న టెలిఫోనుకు పేటెంటు లభించెను. మరుసటి యేట, బాల్యముననే వినికిడి కోల్పోయిన మేబెల్ హబ్బర్డును వివాహమాడెను. 1880లో ఫ్రాన్సు ప్రభుత్వము వోల్టా బహుమతిగా 50,000 ఫ్రాంకులొసగగా, ఆ ధనమును వాషింగ్టనులోని తన పరిశోధనాలయమునకు వినియోగించెను.

1881 జూలై 2న అమెరికా అధ్యక్షుడు జేమ్స్ గార్ఫీల్డును వాషింగ్టను రైల్వే స్టేషనులో గీటో అనువాడు రివాల్వరుతో కాల్చెను. ఒక గుండు చేతిని రాచుకొనిపోగా, మఱియొకటి వీపున దూరి లోపలనే నిలిచెను. ఎక్స్‌రే కిరణములు 1895 వరకు లోకమునకు తెలియవు. వైద్యులు చేతివ్రేళ్లను, లోహపు కడ్డీలను గాయమున చొప్పించి వెదకుచుండిరి. ఈ దురవస్థను విని బెల్ తన విద్యను రోగిసేవకు సమర్పింప నిశ్చయించుకొనెను.

టెలిఫోను తీగలలోని రొదను పోగొట్టుటకు ఆయన లోగడ చేసిన ప్రయోగములును, 1879లో ఇంగ్లండున హ్యూస్ అను శాస్త్రజ్ఞుడు ప్రకటించిన ప్రేరణతులయు దారి చూపెను. తొడుగు వేసిన రాగితీగను పెక్కు వరుసలుగా చుట్టి, బెల్ రెండు పలుచని చుట్టలు సిద్ధము చేసెను. ఒకదానికి బ్యాటరీనుండి ఆగి ఆగి పాఱు విద్యుత్తు నిచ్చి, రెండవదానికి టెలిఫోనును తగిల్చెను. మొదటి చుట్ట రెండవదానియందు విద్యుత్తును ప్రేరేపింపగా టెలిఫోనులో రొద వినవచ్చును. ఒక చుట్టను రెండవదానిపై మెల్లగా జరుపగా, ఒక్కచోట ఆ రొద అణగిపోవును. అట్టి నిశ్శబ్దమున లోహమేదైనను దరికి వచ్చినచో తూనిక చెడి మరల ధ్వని పుట్టును.

ఐతే చుట్టను చుట్టుట సులభకార్యము కాదు. చిన్నచుట్ట లోతునకు అందదు. పెద్దచుట్ట లోతునకు అందును గాని, చిన్నగుండు కలిగించు మార్పు దానిలో మిక్కిలి స్వల్పమగును. పైగా సీసము రాగివలె మంచి విద్యుద్వాహకము కాదు. అందుచే బెల్‌యు, సహాయకుడగు టెయింటరును చుట్టలను మార్చి మార్చి పరీక్షించిరి. మాంసఖండమున గుండును దాచి వెదకిరి. అంతర్యుద్ధమున తగిలిన గుండ్లను దేహమున మోయుచున్న పూర్వసైనికులపై పరీక్షించి ఫలము గాంచిరి.

జూలై 26న అధ్యక్షునిపై జరిగిన మొదటి పరీక్ష, కండెన్సరును సరిగా తగిలింపనందున చెడిపోయెను. ఆగస్టు 1న మరల వెదకగా, విశాలమైన చోట సన్నని ధ్వని వినబడెనే గాని గుండు తావు తేలలేదు. రోగి పరుపు క్రింద ఉక్కుతీగల పరుపొకటి యున్నదని మరునాడు తెలిసెను. ఆ ధ్వనికి అదియే కారణమని పిమ్మట పలువురు తలచిరి. అంతకు మించిన చిక్కు మఱియొకటి కలదు. ప్రధానవైద్యుడు బ్లిస్ గుండు కుడివైపున నున్నదని నమ్మి, ఆ వైపుననే వెదకించెను. ఆగస్టు 15న బెల్‌కు నెలలు నిండక పుట్టిన కుమారుడు కొన్ని గంటలకే కన్నుమూసెను. ఆ దుఃఖమునందును ఆయన తన పని విడువలేదు. గాయము విషమించి, సెప్టెంబరు 19న గార్ఫీల్డు మరణించెను. శవపరీక్షలో గుండు వెన్నెముకకు ఎడమవైపున బయల్పడెను.

బెల్ నిరాశచెంది కూర్చుండలేదు. దేహమునందలి లోహమును తాకినంతనే టెలిఫోనులో ధ్వనించు సూదిని గూడ కల్పించెను. ఎక్స్‌రే వ్యాప్తిలోనికి వచ్చువరకు అట్టి సాధనము శస్త్రవైద్యులకు ఉపకరించెను. 1886లో హైడెల్బర్గు విశ్వవిద్యాలయము ఆయనకు గౌరవ వైద్యపట్టము నొసగెను. యుద్ధభూములలో పాతిన మందుపాతరలను పసిగట్టు తీగచుట్టలకును ఆ ప్రేరణసూత్రమే ఆధారమయ్యెను.

1922 ఆగస్టు 2న కెనడాలోని బడెక్ గ్రామసమీపమున బెల్ పరమపదించెను. అంత్యక్రియల వేళ ఉత్తర అమెరికాలోని టెలిఫోనులన్నియు ఒక నిమిషము మౌనము వహించెను. అధ్యక్షుని ప్రాణము నిలువలేదు. కాని ఆ వేసవిలో చుట్టిన చుట్టలు వ్యర్థము కాలేదు. సాధనమెంత సూక్ష్మమైనను, ముందే ఏర్పరచుకొన్న నమ్మకము చూపినచోటనే వెదకినచో సత్యము చిక్కదని బెల్ జీవితమందలి ఈ ఘట్టము బోధించుచున్నది.