గె హోంగ్

చీనా దేశమున యాంగ్‌ట్జీ నదికి దక్షిణమున జురోంగ్ అను ఊరు కలదు. క్రీ.శ. 283లో గె హోంగ్ అచ్చట ఒక ఉద్యోగస్థుల కుటుంబమున జన్మించెను. పదుమూడవ యేట తండ్రి గతించెను. పెద్దలు కూర్చిన గ్రంథములు యుద్ధములలో నశించెను. బాలుడు స్వయముగ పొలము దున్నెను. అడవిలో కట్టెలు కొట్టి అమ్మి కాగితములు, కుంచెకలములు కొనెను. గ్రంథములను ఎరువు తెచ్చుకొనుటకు ఎంతదూరమైనను నడచిపోయెను. ఒక్కొక్క కాగితమును ఇరువైపుల వ్రాసి నింపుటచే ఆ వ్రాతను ఇతరులు చదువలేకుండిరి.

యౌవనమున అతడు సైన్యమున పనిచేసెను. కాని అతని మనస్సు అధికారమునందు నిలువలేదు. వైద్యగ్రంథములను శోధించి, నూరు సంపుటముల మహాగ్రంథమును సంకలనము చేసెను. అయినను అతనికి తృప్తి కలుగలేదు. వైద్యులు లేని పల్లెలలో, ఖరీదగు మందులు కొనలేని పేదలకు అంతటి గ్రంథమువలన ఏమి ఫలము? అందుచే అత్యవసర సమయములలో ఉపయోగించు చికిత్సలను మాత్రమే ఏరి, అంగీచేతిలో దాచుకొని పోదగిన చిన్న పుస్తకమును రచించెను. పెరటిలోను, పొలముగట్లపైనను దొరకు మూలికలనే అందు ముఖ్యముగ పేర్కొనెను.

ఆ గ్రంథమున కొమ్ము చికిత్స ప్రస్తావన కలదు. పశువుల కొమ్మును దేహముపై బోర్లించి, లోని గాలిని తగ్గించినచో చర్మము పైకి ఉబ్బి, రక్తము అచ్చటికి చేరును. నేడు కొమ్మునకు మారుగా వెదురు గొట్టములను, గాజు గిన్నెలను వాడుచున్నారు. గిన్నెలోని గాలిని మంటతో వేడిచేసి వెంటనే చర్మముపై బోర్లింతురు. గాలి చల్లారగనే లోని పీడనము తగ్గి గిన్నె అంటుకొనును. ఈ పద్ధతిని గె హోంగ్ కనిపెట్టలేదు. క్రీ.పూ. 168లో మూయబడిన మవాంగ్‌దుయి సమాధియందు 1973లో దొరికిన పట్టువస్త్రపు వ్రాతప్రతులలోనే అది కలదు. గె హోంగ్ గొప్పతనము వేరొకటి. వ్రణములు, కంతులు, మెడ గ్రంథుల వాపులు మున్నగువానికి సూదిగాని, కొమ్ముగాని తగదనియు, పెట్టినచో చాలమందికి కీడు వాటిల్లుననియు అతడు హెచ్చరించెను. చికిత్స తెలిసినవారు పెక్కుమంది యుందురు; దాని హద్దు నెరిగి చెప్పువారు అరుదు.

చలిజ్వరమునకు ఛింగ్‌హావో అను మొక్కను నీట నానబెట్టి, పిండి, ఆ రసమును త్రాగవలెనని కూడ అతడు వ్రాసెను. పదునారు శతాబ్దుల పిమ్మట టు యూయూ అను శాస్త్రజ్ఞురాలు ఆ వాక్యమును చదివెను. మొక్కను కాచుటవలన అందలి గుణము చెడుచున్నదేమోయని ఊహించి, 1971లో అధికమగు వేడి తగులకుండ సారమును తీసెను. ఆ కృషివలన మలేరియాను మాన్పు ఆర్టెమిసినిన్ లభించెను. 2015లో ఆమెకు నోబెల్ బహుమానము వచ్చెను.

గె హోంగ్ వార్ధక్యమున లువోఫు పర్వతము చేరి, మరణమును జయించు రసాయనమునకై ప్రయత్నించుచు అచ్చటనే దేహము చాలించెను. ఆ రసాయనము అతనికి దొరకలేదు. కాని పేదలకొరకు వ్రాసిన చిన్న పుస్తకము లక్షలాది ప్రాణములను నిలుపు మందునకు దారి చూపెను.