నాదస్వర విద్వాంసులు షేక్ చినమౌలానా

వానలు మొగము చాటువేసి చెరువులెండిన యేటను మన అనంతపురము సీమలో పెండ్లిపందిట సన్నాయి మ్రోగక మానదు. అయినను దానిని చెవియొగ్గి వినువారెందఱు? మంగళవాద్యమని గౌరవింతుము, విందు సందడిలో మఱచిపోదుము. పాశ్చాత్యుల బాసూను అను వాద్యము స్థితియు ఇంచుమించుగా నిట్టిదే. అది వాద్యబృందములో నొకటిగా వినబడుటయే గాని, ఒంటరిగా సభను మెప్పించుట అరుదు. రెండు రేకుల పీకతో పలుకు ఆ జాతి వాద్యమే మన నాదస్వరము. దానిని కచ్చేరీ వేదికపై సగౌరవముగ నిలిపిన తెలుగువారు షేక్ చినమౌలానా.

ఆయన 1924వ సంవత్సరము మే 12వ తేదీన ఒంగోలు సమీపమునందలి కరవదిలో, నాదస్వరమే కులవిద్యగాగల ముస్లిము కుటుంబమున జన్మించిరి. తొలుత తండ్రియొద్దను, పిదప చిలకలూరిపేట ఆదం సాహెబుగారియొద్దను అభ్యసించిరి.

ఆ కాలమున తంజావూరు సీమలో రాజరత్నం పిళ్ళైగారి రాగాలాపనకు సాటిలేదు. ఆ బాణీ చినమౌలానాగారి మనస్సును హరించెను. విద్య చేతికి వచ్చినవాఁడు ఇఁక నేర్వవలసినది లేదనుకొనుట లోకసహజము. ఆయన యట్లనుకొనలేదు. పరభాషా ప్రాంతమునకేగి, నాచ్చియార్‌కోయిల్ రాజం, దురైకణ్ణు సోదరులకడ మరల శిష్యులైరి.

ఆ శ్రమ సామాన్యమైనది కాదు. బాసూనుకు మీటలు కలవు, నాదస్వరమునకు లేవు. ఏడు రంధ్రములపై వ్రేళ్ళు కొంత మూసి కొంత తెఱచి, ఊపిరిని హెచ్చించి తగ్గించి గమకమును పలికింపవలెను. దానిని తొలుచు ఆచా కఱ్ఱ మన మెట్టలపై ఎండకోర్చి పెరుగు యేపిచెట్టుదే. అందును పాత యిండ్ల దూలములై యేండ్ల తరబడి యెండిన కఱ్ఱయే శ్రేష్ఠము. విద్వాంసుఁడును అట్లే పండవలెను గాఁబోలు.

తరువాత ఆయన శ్రీరంగమున స్థిరపడిరి. స్వమతమును విడువకయే శ్రీరంగనాథుని నాదముతో భక్తిమీఱ సేవించిరి. అచ్చట శారదా నాదస్వర సంగీతాశ్రమమును స్థాపించి శిష్యులకు విద్య గఱపిరి. 1977లో భారత ప్రభుత్వము పద్మశ్రీ నొసఁగెను. 1998లో మదరాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి బిరుదముతో సత్కరించెను. 1999వ సంవత్సరము ఏప్రిల్ 13వ తేదీన, తమ 75వ యేట, శ్రీరంగముననే కీర్తిశేషులైరి.

ఆయన శిష్యులైన షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ లభించినది. పురుషులకే పరిమితమని తలఁచిన వాద్యమున నొక స్త్రీ యింతటి కీర్తి గాంచుట గురువునకును కీర్తియే.

నేర్చినవాఁడు మరల నేర్చుకొనుటకు సిగ్గుపడరాదనుటయే ఈ మహనీయుని జీవితము మనకు తెలుపు పాఠము. పగలు మడక దున్ని, సాయంకాలము మన గ్రంథాలయమున పుస్తకము చేపట్టు ప్రతి పాఠకునకును ఇది తెలిసిన విషయమే. ఇఁక మీఁదట ఊరి పందిటిలో సన్నాయి మ్రోగినపుడు, ఒక్క రాగమైనను మాటలు మాని విందుము గాక!